పది బై పదకొండు గదికి స్పీకర్లు: కొన్నవి, వాపసిచ్చినవి, మళ్ళీ కొన్నవి

మహబూబ్‌నగర్‌లో మా ఇంటి పై అంతస్తులో ఖాళీగా ఉన్న గది కొలత పది అడుగులు బై పదకొండు. స్లాబ్ ఎత్తు కూడా పదే. కింద తాండూరు బండలు, చుట్టూ సిమెంటు ప్లాస్టరింగ్, ఒక తలుపు, ఒక కిటికీ, ఒక సజ్జ. ఇందులో కూర్చుని పాట వినడానికి ఒక జత స్పీకర్లు కావాలి, అంతే. 2025 ఫిబ్రవరి 3న మొదటి ఆర్డర్ పెట్టాను. పని ఒక కొలిక్కి వచ్చేసరికి ఉగాది, అంటే మార్చి 30. ఈలోగా ఒక జత వాపసు పోయింది, ఎర్త్ గుంతలో ఉప్పు పోయాల్సి వచ్చింది, రెండు గొంగళ్ళు గోడెక్కాయి.

మొదటి జత ఆన్‌లైన్‌లో రేటింగ్ చూసి తీసుకున్నదే. ఆరున్నర అంగుళాల వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్), వెనకవైపు పోర్టు (బేస్ పెంచడానికి డబ్బాకు పెట్టే రంధ్రం), 42 హెర్ట్జ్ (సెకనుకు 42 కంపనాలు, అంకె తగ్గేకొద్దీ స్వరం లోతు) దాకా దిగుతుందని డబ్బా మీద రాసి ఉంది. ధర 21,500. వూఫర్ ఎంత పెద్దదైతే అంత మేలు అన్న లెక్కలో ఉన్నాను అప్పుడు. ఐదు రోజులకు, 8న, వచ్చాయి. ఒక్కో డబ్బా లోతు పద్నాలుగు అంగుళాలు. టేబుల్ మీద, గోడకు నాలుగంగుళాల ఎడంలో పెట్టి పాట వేశాను.

మృదంగంలో ఎడమ వైపు, తొప్పి మీద, ఏ దెబ్బ పడినా ఒకటే గుమ్ము. చేయి జరిపి స్వరం సాగదీసినా సాగినట్టు తెలియదు. డప్పు రికార్డింగ్ పెడితే కిటికీ అద్దం అదిరింది గానీ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వినపడలేదు. పాడేవాళ్ళ గొంతు కాగులోంచి వస్తున్నట్టుంది. రెండు సాయంత్రాలు స్పీకర్‌నే తిట్టుకున్నాను.

మూడో రోజు ఒక ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, ఇంకో ఫోన్‌ను కుర్చీలో తల ఉండే ఎత్తున కట్టి, శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే డెసిబెల్ మీటర్ యాప్‌తో చూశాను. 100 హెర్ట్జ్ దగ్గర 73 డెసిబెల్స్, 80 దగ్గర 72, 63 దగ్గర 77, 56 దగ్గర 85, 51 దగ్గర 84, 40కి వచ్చేసరికి 66. ఫోన్ మైకు బేస్‌ను సరిగ్గా కొలవదు, ఆ అంకెలను నిఖార్సుగా తీసుకోకూడదు. కానీ పక్కపక్క టోన్ల మధ్య తేడా చూడటానికి పనికొస్తుంది. 80కీ 56కీ మధ్య పదమూడు డెసిబెల్స్ పెరగడం మైకు తప్పు కాదు.

కారణం టేపుతో కొలిస్తే తేలిపోయింది. శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. రెండు గోడల మధ్య దూరాన్ని రెండింతలు చేసి, దాంతో 1,130ని భాగిస్తే ఆ గోడల మధ్య గది ఏ స్వరానికి మోగుతుందో వస్తుంది. పదకొండు అడుగులకు 51 హెర్ట్జ్. పది అడుగులకు 56.5. నేల నుంచి స్లాబ్‌కూ పదే కాబట్టి మళ్ళీ 56.5. వెడల్పు, ఎత్తు ఒకటే కావడంతో రెండు మోతలూ ఒకేచోట పడ్డాయి, మూడోది ఆ పక్కనే ఉంది. మన వైపు స్లాబ్ పదడుగులకు పోయడం, గదులు పది బై పది, పది బై పన్నెండు కట్టడం మామూలే. కాబట్టి ఇది మా ఇంటి ఒక్కదాని తంటా కాదు.

వాపసు గడువు వారం. 13న అడిగాను. కారణం ఎంచుకోమని వచ్చిన జాబితాలో ‘విరిగింది’, ‘పనిచేయడం లేదు’, ‘వేరే వస్తువు వచ్చింది’ ఉన్నాయి గానీ ‘గదికి పడలేదు’ అన్నది లేదు. ఫోన్ చేసి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తీసుకెళ్ళడానికి 17న వచ్చిన అబ్బాయి థర్మాకోల్ ముక్కలు, లోపలి పాలిథిన్ కవర్, స్క్రూల పొట్లం అన్నీ లెక్కపెట్టుకున్నాడు. అవి అటకెక్కించి ఉంచాను కాబట్టి సరిపోయింది, లేకపోతే స్పీకర్లు నాకే మిగిలేవి. డబ్బు ఖాతాలో పడింది మార్చి 1న, పన్నెండు రోజులకు. రెండో జతకు వేరే డబ్బు చేతిలో ఉండాలన్నది ముందు తట్టలేదు.

ఆ పన్నెండు రోజులూ స్పెసిఫికేషన్లు చదివాను, ఈసారి గది లెక్క పక్కన పెట్టుకుని. గదే 51 నుంచి 57 దాకా పెంచేస్తుంటే, ఆ చోట స్పీకర్ తగ్గిపోతూ ఉండాలి. అప్పుడు రెండూ కలిసి సమం అవుతాయి. అంటే నాకు కావాల్సింది కాగితం మీద ‘తక్కువ’ కనిపించే స్పీకర్. ఇక్కడ ఒక చిక్కుంది. కొన్ని కంపెనీలు కింది హద్దును మూడు డెసిబెల్స్ తగ్గిన చోట రాస్తాయి, కొన్ని ఆరు డెసిబెల్స్ తగ్గిన చోట రాస్తాయి. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చే ముందు దాని వెనక ఏం రాశారో చూడాలి. చిన్న గదికి చిన్న డబ్బా అన్నది కొత్త సంగతి కూడా కాదు. బీబీసీ 1970లలో ప్రసార వ్యాన్లలో పెట్టుకోవడానికి తయారు చేసుకున్న ఎల్‌ఎస్3/5ఏ పోర్టే లేని మూసిన పెట్టె, ఐదంగుళాల వూఫర్. దాన్ని మెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆంప్లిఫయర్ లోపలే ఉండే పవర్డ్ స్పీకర్ల వైపు కూడా మనసు లాగింది. వైరు గొడవ తక్కువ, చోటు కలిసొస్తుంది. వద్దనుకోవడానికి కారణం ఒకటే: ఇక్కడ ఎండాకాలం గాలిదుమారం వచ్చిందంటే కరెంటు పోయి వస్తూ ఉంటుంది, ఒక్కోసారి ఉరుముతో వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి కరెంటు సరఫరా) బోర్డు పోతే స్పీకరే మూలన పడుతుంది. ఆంప్లిఫయర్ విడిగా ఉంటే అది పోయినా స్పీకర్ మిగులుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్లిఫయర్‌ను ఊళ్ళోనే బాగుచేయించుకోవచ్చు.

ఫిబ్రవరి 22, శనివారం, హైదరాబాద్ పోయాను. ఇలాంటి షాపులు కొన్ని ఆదివారం తెరవవు, తెరిచినా వినిపించే మనిషి ఉండడు. ముందే ఫోన్ చేసి టైము తీసుకోవాలి. నాకు పదకొండున్నరకు ఇచ్చారు, కూర్చోబెట్టింది ఒంటిగంటకు. మూడు జతలు విన్నాను. కెఫ్ క్యూ150: ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్నది) వూఫర్ మధ్యలోనే ఉంటుంది, పోర్టు వెనక, 51 హెర్ట్జ్ దాకా. ఎలాక్ డెబ్యూ బి5.2: పోర్టు ముందువైపు అడుగున, 46 దాకా. క్యూ అకౌస్టిక్స్ 3020ఐ: 125 మిల్లీమీటర్ల వూఫర్, పోర్టు వెనక, ఆరు డెసిబెల్స్ లెక్కన 64 దాకా. పోర్టులో కూరుకోవడానికి ఫోమ్ బిరడాలు డబ్బాలోనే ఇస్తారు.

షాపు గది ఇరవై అడుగుల పొడవు, కింద తివాచీ, గోడలకు గుడ్డ. అక్కడ మొదటి రెండూ కడుపు నిండినట్టు మోగాయి, 3020ఐ కొంచెం పలచగా అనిపించింది. “బేస్ తక్కువ అనిపిస్తది సార్, సబ్ వూఫర్ ఒకటి కలుపుకోండి” అన్నాడు షాపతను. ఆ గదిలో అతని మాట నిజమే. నేను వినాల్సింది మా గదిలో. స్పీకర్లను గోడకు ఆరంగుళాల దూరానికి జరపమని అడిగాను, కాస్త ఇబ్బందిపడ్డా జరిపాడు. గోడ దగ్గరికి రాగానే మొదటి రెంటిలో బేస్ బరువెక్కింది, 3020ఐ సరిగ్గా నిండింది. నాలుగున్నరకు బయటపడ్డాను. ఇంటికి తీసుకెళ్ళి విని చూస్తానంటే పూర్తి ధర డిపాజిట్ కట్టమన్నారు. దూరం వంద కిలోమీటర్లు కదా అని మానుకున్నాను. దారిలో కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్ వైరు చివర్లకు బిగించే బనానా ప్లగ్గులు ఎనిమిది కొన్నాను, ఒక్కోటి 60.

మార్చి 1న వాపసు డబ్బు రాగానే 3020ఐకి డబ్బు పంపాను. జత 24,500 పడింది. నలుపు రంగు స్టాకులో లేదు, తొమ్మిది రోజులు ఆగాను. 10న బస్ కార్గోలో వస్తే బస్టాండుకు పోయి తెచ్చుకున్నాను. చానల్‌కు 50 వాట్ల ఆంప్లిఫయర్ 17,000. యాభై సరిపోతుందా అని అడుగుతారు కాబట్టి లెక్క చెప్తాను. ఈ స్పీకర్ 2.83 వోల్టులకు (ఒకటి రెండు వాట్లు) మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇస్తుంది. నేను కూర్చునేది ఐదున్నర అడుగుల దూరంలో, దానికి నాలుగున్నర పోతుంది. రెండు స్పీకర్లు, చుట్టూ గోడలు కలిసి మూడు దాకా తిరిగిస్తాయి. అంటే ఒకటి రెండు వాట్లకే 86. మామూలుగా వినేది 75 దగ్గర. మృదంగం దెబ్బ పైకి లేచి 93 తాకినా పది వాట్లు మించదు.

స్పీకర్లు వచ్చేలోపు స్టాండ్లు చేయించాను. రెడీమేడ్‌గా దొరికేవి చాలావరకు 24 అంగుళాలు. కుర్చీలో కూర్చుంటే నా చెవి నేల నుంచి 37 అంగుళాల ఎత్తున ఉంది. ట్వీటర్ డబ్బా అడుగు నుంచి ఎనిమిదిన్నర అంగుళాల మీద ఉంటుంది. కాబట్టి స్టాండ్ 28. వెల్డింగ్ షాపులో మూడంగుళాల చదరపు ఇనుప పైపు, పైన ఆరు బై తొమ్మిది ప్లేటు, కింద పదడుగుల గదికి తగ్గట్టు అడుగు బై అడుగు గ్రానైటు ముక్క. “గింత చిన్న డబ్బాకు గింత బరువు స్టాండేందన్నా?” అన్నాడు వెల్డరు. ఖాళీ పైపును వేలితో కొట్టి చూపించాను, ఠంగుమంది. ఇసుకతో నింపిన తర్వాత కొడితే చప్పుడు పైపులోనే చచ్చింది. ఒక్కోదాంట్లో ఐదున్నర కిలోల ఇసుక పట్టింది. గ్రానైటు పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, నాలుగున్నర కిలోలు. వంటింటి ప్లాట్‌ఫారం కోసి మిగిలిన ముక్కలు, రెండూ కలిపి 500.

ఇక్కడ ఒక పొరపాటు చేశాను. ఇసుక కడిగి, పైకి ఆరినట్టుందని నింపేశాను. తెల్లారేసరికి అడుగు వెల్డింగు అతుకు దగ్గర తడి మరక. మొత్తం గుమ్మరించి, డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి, జల్లెడ పట్టి మళ్ళీ నింపాను. లేకపోతే పైపు లోపలి నుంచి తుప్పు పట్టేది. స్పీకర్ కింద నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు. స్టాండ్లకు మొత్తం 3,400.

వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, 540 రూపాయలు. మూడు మీటర్ల పొడవుకు రానూ పోనూ 0.07 ఓమ్ అడ్డు వస్తుంది, ఆరు ఓమ్‌ల స్పీకర్‌కు అదొక లెక్కే కాదు. మీటరు వెయ్యి రూపాయల వైర్లు కూడా అమ్ముతారు. ఆ డబ్బుతో మంచి కుర్చీ వస్తుంది. ఒకే రంగు వైరు తీసుకోవడంతో మాత్రం దెబ్బతిన్నాను. రెండు పోగుల్లో ఒకదాని మీద సన్నని గీత ఉంటుంది, ట్యూబ్‌లైట్ వెలుగులో అది కనపడలేదు. పాట వేస్తే గొంతు మధ్యలో నిలవకుండా రెండు చెవుల పక్కన చెదిరిపోయింది, బేస్ మాయం. కుడి స్పీకర్ ప్లస్ మైనస్ తారుమారైంది. సరిచూసుకోవడం తేలిక: ఆంప్లిఫయర్ వైపు వైరు ఊడదీసి, ఒకటిన్నర వోల్టు పెన్సిల్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించాలి. బ్యాటరీ ప్లస్ స్పీకర్ ప్లస్‌కు తగిలితే కోన్ బయటికి కదులుతుంది. లోపలికి పోతే వైరు తిరగబడ్డట్టు.

15, 16 తేదీలు రెండూ జరపడానికే పోయాయి. పదడుగుల గోడకు స్పీకర్లు, పదకొండు అడుగుల పొడవునా శబ్దం. మొదట అందరూ చెప్పినట్టు గోడకు దూరంగా జరిపాను, వూఫర్ నుంచి వెనక గోడకు రెండడుగులు. బేస్ మోత తగ్గింది, కానీ మగ గొంతు నీరసంగా పలికింది. విచిత్రం ఏమిటంటే అన్ని పాటల్లో కాదు, అన్ని స్వరాల్లో కూడా కాదు.

వెనక గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం, ముందుకు వెళ్ళే శబ్దంతో ఎదురుపడి చల్లారిపోయే ఒక చోటు ఉంటుంది. దూరాన్ని నాలుగుతో గుణించి 1,130ని భాగిస్తే అదెక్కడో వస్తుంది. రెండడుగులకు 141 హెర్ట్జ్. కర్ణాటక గాత్రంలో ఒకటి శ్రుతి షడ్జమం, అంటే స, 131, ఒకటిన్నర శ్రుతిది 138.6. మగవాళ్ళు చాలామంది ఆ చుట్టుపక్కలే పాడతారు. పాట ప్రతిసారీ వచ్చి నిలబడే ఆధార షడ్జమాన్నే మా గోడ మింగేస్తోంది! ఎడమ స్పీకర్ వెనక గోడకు చెవి ఆనించి తంబురా శ్రుతి వింటే అక్కడ గట్టిగా ఉంది, కుర్చీలోకి వస్తే లేదు.

స్పీకర్లను వెనక్కి నెట్టాను. డబ్బా వెనకకూ గోడకూ ఆరంగుళాలు, డబ్బా లోతు పదకొండు, మొత్తం పదిహేడంగుళాలు. అప్పుడు శబ్దం చల్లారే ఆ గుంట 199 హెర్ట్జ్‌కు జరిగింది. షడ్జమం తేరుకుంది. ఒకటి శ్రుతిలో పంచమం 196 అని తర్వాత గుర్తొచ్చింది, అంటే స నుంచి తప్పించి ప మీద పడేశాను. తేడా ఏమిటంటే 200 దగ్గర మందమైన మెత్త కొంత పనిచేస్తుంది, 130 దగ్గర దాదాపు పనిచేయదు. ఇంట్లో పాత పత్తి పరుపు నాలుగంగుళాల మందంది ఉంటే రెండుగా కోసి కుట్టించి, రీపర్ల చట్రానికి కట్టి, గోడకు రెండంగుళాలు ఎడంగా స్పీకర్ల వెనక నిలబెట్టాను. వడ్రంగి 900 తీసుకున్నాడు. గుంట పూర్తిగా పూడలేదు, సగం పూడింది.

స్పీకర్ల మధ్య దూరం ఐదున్నర అడుగులు, పక్క గోడలకు రెండుంబావు చొప్పున. తల వెనక గోడకు నాలుగడుగుల రెండంగుళాలు. గది నట్టనడుమ కూర్చుంటే బేస్ ఉండదు, వెనక గోడకు ఆనుకుంటే అంతా బేసే. ఒకటీ అరా అంగుళాలు కాదు, అడుగు జరిగితేనే తెలిసే తేడా ఇది. పోర్టులో ఫోమ్ బిరడాలు పెట్టి తీసి చూశాను, పెట్టే ఉంచాను.

గదిలో చప్పట్లు కొడితే మాత్రం ఇంకా టింగుమంటోంది. ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటే వచ్చే మోత అది. కుర్చీలో కూర్చుని, ఇంకొకరు పక్క గోడ మీద చిన్న అద్దం జరుపుతూ పోతే స్పీకర్ ఏ చోట కనపడుతుందో అక్కడే మెత్త కావాలి. దీనికి రెండు నల్ల గొంగళ్ళు తెచ్చాను, ఒక్కోటి 1,800. మన కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసేవి. నాలుగు మడతలు వేసి, రీపర్ మీద, గోడకు రెండంగుళాలు వదిలి వేలాడదీశాను. గోడకు అతికిస్తే పై స్వరాలను మాత్రమే పీల్చుతుంది, ఆ రెండంగుళాల ఖాళీతో ఇంకాస్త కిందికి పనిచేస్తుంది. టింగు పోయింది. వయొలిన్ కమాను గీసే గరుకు, అంతకుముందు చెవికి గుచ్చుకునేది, ఇప్పుడు గరుకుగానే వినపడుతుంది, గుచ్చుకోదు. గొంగట్లో పురుగు పడకుండా మడతల్లో వేపాకు పెట్టాను. మొదటి వారం గదంతా గొర్రె వాసన. దానికి మందు లేదు, కిటికీ తీసుకోవడమే.

20న ఇంకో చికాకు. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టగానే స్పీకర్లలో జుయ్‌మని శబ్దం. చార్జర్ పీకితే పోతుంది. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 14 వోల్టులు. రెండు మూడు దాటకూడదు. పెరట్లో ఎర్త్ గుంత ఎండి పగిలి ఉంది. ఉప్పు, బొగ్గు వేసి నాలుగు బిందెల నీళ్ళు పోశాం, మర్నాటికి 3కి దిగింది. అతనికి 500, సామానుకు 300. ఆంప్లిఫయర్, ల్యాప్‌టాప్ రెండింటినీ ఒకే పొడిగింపు బోర్డుకు మార్చాక మిగిలిన కొంచెం కూడా ఆగింది. ఎండాకాలం పదిహేను రోజులకోసారి ఆ గుంతలో నీళ్ళు పోయాలి. ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా పాత గుండ్రటి డిమ్మర్ రకమైతే సన్నగా గీపెడుతుంది, మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకానికి ఆ గొడవ లేదు.

ఉగాది నాడు మళ్ళీ అవే టోన్లు వేసి కొలిచాను. 80 దగ్గర 73, 63 దగ్గర 74, 56 దగ్గర 77, 51 దగ్గర 78, 40 దగ్గర 61. పదమూడు ఉన్న తేడా ఐదుకు వచ్చింది. ఆ ఐదు ఈ గదిలో పోవు. పోవాలంటే మూలల్లో నేల నుంచి స్లాబ్ దాకా అడుగున్నర మందాన దూది నింపాలి, అప్పుడు కుర్చీకి చోటుండదు. ఆంప్లిఫయర్‌లో బేస్ గుండీ రెండు గీతలు తగ్గించి ఊరుకున్నాను. హైదరాబాద్ దారి ఖర్చులు 900 కలిపితే మొత్తం 52,120 అయింది. కరెంటు ఉంటే, కూలర్ వేయకపోతే, తొప్పి మీద చేయి జారడం వినపడుతుంది. ఏప్రిల్ వచ్చాక కూలర్ వేయక తప్పలేదు, ఇప్పుడు తెల్లవారుజామున ఐదింటికి వింటున్నాను.